పురానాపూల్‌ను పక్కనుంచి చూడనివ్వండి

మూసీ తీరాన్ని తీర్చిదిద్దే పనిలో ఉన్న అధికారులకు, ఇంజనీర్లకు, పాత కట్టడాల బాగోగులు చూసేవాళ్లకు,

నమస్కారం.

మూసీ కోసం మీరు గీస్తున్న నక్షాలు పెద్దవి. నడకదారులు, తోటలు, మురుగు శుద్ధి కేంద్రాలు, కొత్త వంతెనలు. పేపర్లో చదువుతుంటే కోట్ల పక్కన సున్నాలు వేలుపెట్టి లెక్కపెట్టుకోవాల్సి వస్తోంది. అంత పనిలో నాదొక చిన్న అర్జీ. మూసీ మీది పాత వంతెన పురానాపూల్‌ను పక్కనుంచి చూడటానికి మనిషి నిమ్మళంగా నిలబడే చోటు ఒకటి ఇప్పించండి. గట్టున కాసిని రాతిమెట్లు, మీద చెట్టు నీడ ఉంటే చాలు. టికెట్టు కౌంటరు అక్కర్లేదు. సెల్ఫీ పాయింటు అనే బోర్డు అసలే అక్కర్లేదు.

రోజూ అంతమంది ఆ పూల్ మీదినుంచే పోతున్నారు కదా, కొత్తగా చూపించేదేముంది అంటారేమో. ఒకసారి మా పేట కార్వాన్ వైపునుంచి దాని మీదికి నడిచి రండి. ముందు ఉల్లిగడ్డ బస్తాలు తగులుతాయి. తర్వాత రెండు పక్కలా కూరగాయల కుప్పలు, నెత్తికి తగిలేంత కిందికి కట్టిన టార్పాలిన్ పరదాలు. మూతకు బొక్కలు పెట్టిన నీళ్ల సీసాతో ఒకామె కొత్తిమీర కట్టల మీద చిలకరిస్తుంటుంది. ఆ తడి కారి కారి రాళ్ల సందుల్లో పుదీనా ఆకులు అతుక్కుని ఉంటాయి. పిట్టగోడ ఉందిగానీ కనిపించదు. దాని మీద గోనెసంచులు, కాంటాలు, టిఫిన్ డబ్బాలు. బేరం చేసుకుంటూ, స్కూటర్లకు దారిస్తూ అటు చివరికి వచ్చేస్తాం. కింద నది ఉందని చెప్పేది ముక్కొక్కటే.

మా బావమరిది కుటుంబం రాజమండ్రి నుంచి వచ్చినప్పుడు వాళ్లను ఇటు తీసుకొచ్చాను. హైదరాబాద్‌లో అన్నిటికంటే పాత వంతెన చూపిస్తానని వాళ్ల అబ్బాయికి ముందే చెప్పి ఉంచాను. సగం దూరం నడిచాక వాడు, "మావయ్యా, బ్రిడ్జి ఇంకా ఎంత దూరం?" అన్నాడు. పక్కనే సొరకాయలమ్ముతున్న ఆమె పకపకా నవ్వి, "నువ్ నిలబడ్డదే పూల్ గద బిడ్డా!" అంది. వాడు కిందికి చూశాడు, పక్కకి చూశాడు, నమ్మలేదు. గోదావరి గట్టున పెరిగిన పిల్లాడు వాడు. సాయంత్రంపూట రేవు మెట్ల మీద కూర్చుంటే వంతెనలు కళ్లముందు బారుగా కనిపించే ఊరు. 1997లో రైళ్లు ఆపేసిన హేవలాక్ వంతెనను కూడా అక్కడ పసిపిల్లలు పేరుపెట్టి చూపిస్తారు. ఎందుకంటే అది కనిపిస్తుంది. మన పూల్ దానికంటే మూడొందల ఏళ్లు పెద్దది. కార్వాన్‌లో పుట్టి పెరిగి, దాని కమానులు సరిగా చూడనివాళ్లు నాకు తెలిసే చాలామంది ఉన్నారు.

పక్కనున్న కొత్త వంతెన మీదనుంచి చూడొచ్చు కదా అని మీలో ఒకరైనా అంటారు. చూడొచ్చు, వెనక హారన్ మోగేదాకా. ఆ కాస్తలో ఎన్ని కమానులు లెక్కపెట్టగలం? ఒక పుస్తకంలో 22 అని ఉంటుంది, ఇంకో దాంట్లో 23 అని. ఇంత పేరున్న కట్టడానికి కమానులెన్నో కూడా పుస్తకాలకు కుదరలేదు. ఎవరికి వాళ్లు లెక్కపెట్టుకుని తేల్చుకుందామంటే నిలబడే జాగా లేదు.

ఇక ఆ కమానులు ఎవరివో, ఎందుకు కట్టారో మీకు కొత్తగా చెప్పనక్కర్లేదుగానీ, ఈ లేఖ మీతోపాటు చదివేవాళ్లు ఇంకొందరు ఉంటారు కాబట్టి చెబుతాను. ఇబ్రహీం కులీ కుతుబ్‌షా 1550 నుంచి 1580 దాకా గోల్కొండను ఏలాడు. గద్దెకు రాకముందు అన్న జంషీద్‌కు భయపడి విజయనగరంలో అళియ రామరాయల దగ్గర ఏడేళ్లు తలదాచుకున్నాడు. తెలుగు అక్కడే వంటబట్టిందంటారు. మన కవులు ఆయన్ను మల్కిభరాముడని పిలుచుకుని కావ్యాలు అంకితమిచ్చారు. అదే రామరాయల మీద 1565లో కత్తి కూడా ఎత్తాడు, అది వేరే కథ. నీళ్ల పనుల మీద ఈయనకు మక్కువ ఎక్కువ. హుస్సేన్‌సాగర్ ఈయన కాలంలోదే. కోటనుంచి మచిలీపట్నం రేవుకు పోయే సరుకు, వజ్రాల వ్యాపారుల బిడారులు మూసీ దాటాలి. వానాకాలంలో నది పొంగితే ఎక్కడివాళ్లు అక్కడ ఆగిపోవాలి. బిడారులు దిగే చోటే ఇవాళ్టి మా కార్వాన్. అందుకని 1578లో ఈ పూల్ లేచింది. అప్పటికి చార్మినార్ లేదు. హైదరాబాద్ నగరమే లేదు, దానికి పునాది పడింది 1591లో. ఊరికంటే పదమూడేళ్ల ముందు వంతెన వచ్చింది. వంతెన ఉంది కాబట్టే నది అవతల ఊరు కట్టాలన్న ఆలోచనకు కాళ్లొచ్చాయని నా నమ్మకం.

గైడ్లు మాత్రం ఈ కథ చెప్పరు. రాకుమారుడు మహమ్మద్ కులీ, భాగమతిని చూడటానికి పొంగే నదిలోకి గుర్రాన్ని దూకించాడని, కొడుకు ప్రాణం మీద తీపితో తండ్రి వంతెన కట్టించాడని చెబుతారు. వినడానికి బాగుంటుంది. కానీ మహమ్మద్ కులీ పుట్టింది 1565 ప్రాంతంలో. వంతెన పూర్తయ్యేనాటికి అబ్బాయికి పదమూడేళ్లుంటాయి. కట్టడానికి పట్టిన కాలం తీసేస్తే ఇంకెంత చిన్నవాడో మీరే చూసుకోండి. భాగమతి కథనే ఒప్పుకోని చరిత్రకారులున్నారు, హరూన్‌ఖాన్ షేర్వానీ వారిలో ముఖ్యుడు. రేపు అక్కడ ఫలకం పెట్టేటప్పుడు ప్రేమకథను తీసెయ్యమని నేననను. జనం నోట నాలుగు తరాలు నానింది, అదీ ఊరి సొత్తే. కాకపోతే "అంటారు" అని రాయండి. మచిలీపట్నం దారి సంగతి దానికంటే పెద్ద అక్షరాల్లో రాయండి.

పదిహేడో శతాబ్దంలో వజ్రాల కోసం వచ్చిన ఫ్రెంచి వర్తకుడు తవెర్నియే ఈ వంతెన చూసి, పారిస్‌లోని పాం న్యూఫ్ వంతెనకు అందంలో ఏమంత తీసిపోదని రాసుకున్నాడు. తమాషా ఏమిటంటే, ఆ పాం న్యూఫ్‌కు మొదటి రాయి వేసింది కూడా 1578లోనే. ఇక్కడ పూర్తయిన ఏడాదే అక్కడ మొదలుపెట్టి 1607కు ముగించారు. ఇప్పుడక్కడ వంతెన కిందుగా, నదిలోని దీవి మొనన చిన్న పార్కు ఉంది. మెట్లు దిగి నీళ్లపక్కన కూర్చుంటే వంతెన తలెత్తి చూసేంత ఎత్తులో ఉంటుంది. నేనడిగేది కూడా అదే.

ఇక్కడ ఒక సంగతి గట్టిగా చెప్పాలి. వంతెనను చూపించాలంటే ముందు బజారును ఖాళీ చేయించాలి అనే మాట ఎప్పుడూ ఎవరో ఒకరు ఎత్తుతుంటారు. దయచేసి ఆ పని చేయొద్దు. పెద్ద బండ్లు పక్క వంతెనకు మళ్లాక ఈ పూల్ ఇంకా కాళ్లకింద బతికుందంటే ఆ కూరగాయలవాళ్ల పుణ్యమే. తెల్లారగట్ల నుంచి రాత్రి దాకా అక్కడ మనిషి అలికిడి ఉంది. వాళ్లను పంపించేస్తే ఏమవుతుందో మనకు తెలియనిది కాదు. ఒక ఏడాది పూలకుండీలు, తర్వాత గేటుకు తాళం, ఆ తర్వాత సీసా పెంకులు. నాలుగు శతాబ్దాలుగా సరుకు మోసిన వంతెన మీద సరుకు ఉండటం తప్పెలా అవుతుంది? నేనడిగేదల్లా, అటు రెండుచోట్ల, ఇటు రెండుచోట్ల ఒక్కో కమాను వెడల్పు మేర పిట్టగోడను ఖాళీగా వదిలిపెట్టించమని. బరువు ఎక్కడ పడాలో ఇంజనీర్లు చెప్పాలి, ఎవరి గంప ఎక్కడికి జరగాలో మాత్రం వాళ్లలో వాళ్లు తేల్చుకోనివ్వండి. ఎవరి తాత ఏ కమాను మీద కూర్చున్నాడో అక్కడ అందరికీ తెలుసు. పై కప్పుకు టార్పాలిన్లు పోయి ఒకే తీరు పరదాలు వస్తే అదీ మంచిదే. చెత్తబండి రోజుకు రెండుసార్లు రావాలి. కుళ్లిన టమాటాలు నదిలోకి పోతున్నాయంటే వేరే చోటు చూపించకపోవడం వల్లే.

అలాగే, ఈ మెట్ల కోసం ఎవరి ఇల్లూ కూల్చొద్దు. మూసీ ఒడ్డున గోడల మీద ఎర్ర మార్కు అంటే ఎంత భయమో మీకు తెలుసు. ఇరవై మంది నిలబడే జాగా చాలు, అంత ఖాళీ గట్టున దొరుకుతుంది.

ఎటువంటి మెట్లు కట్టాలో ఆ నదే చెబుతుంది. 1908 సెప్టెంబరు 28న మూసీ ఊరి మీద పడ్డప్పుడు దాదాపు 15,000 మంది పోయారంటారు. అఫ్జల్, ముసల్లం జంగ్, చాదర్‌ఘాట్ వంతెనలను వరద ఎత్తుకుపోయింది. దెబ్బలు తిన్నా నిలబడి, రెండు ముక్కలైన నగరాన్ని కలిపి ఉంచింది ఈ ముసలి పూలే. అంతకుముందు 1820 వరదలోనూ గాయపడితే నిజాం సికిందర్ జా బాగుచేయించాడు. 1908 వరదలో కవి అమ్జద్ హైదరాబాదీ కళ్లముందే తల్లి, భార్య, కూతురు కొట్టుకుపోయారు. ఉస్మానియా ఆస్పత్రి ఆవరణలోని చింతచెట్టు ఎక్కి నూట యాభై మంది దాకా బతికారు. ఆ చెట్టు ఇప్పటికీ ఉంది. తర్వాత మోక్షగుండం విశ్వేశ్వరయ్య వచ్చి, పైన జలాశయాలు కట్టండి, ఒడ్డులు ఎత్తు చేయండి, వాటి వెంట తోటలు వేయండి అని చెప్పారు. 1920లో ఉస్మాన్‌సాగర్, 1927లో హిమాయత్‌సాగర్ వచ్చాయి. వరద రాకుండా పోయిందా? 2025 సెప్టెంబరు చివర్లో గేట్లెత్తితే ఎంజీబీఎస్ బస్టాండులోకి నీళ్లు వచ్చి ప్రయాణికులు చిక్కుకుపోయారు.

అందువల్ల గాజుపలకల వేదికలు, ఇనుప రెయిలింగు మీద రంగులు మారే బల్బులు, నేలలోంచి పాటలు వినిపించే పెట్టెలు ఇక్కడ వద్దు. మొదటి వరదకే పోతాయి, బిల్లు మాత్రం మిగులుతుంది. గ్రానైటు మెట్లు వేయండి. నీళ్లెక్కితే మునగాలి, దిగితే బురద కడిగి మళ్లీ వాడుకోవాలి. మోకాళ్ల నొప్పులవాళ్లకు పక్కనే వాలుదారి ఉండాలి. వరద హెచ్చరిక రాగానే మూసేయడానికి పైన ఒక గేటు, దాని బాధ్యత పేరుతో సహా ఎవరిదో ఒకరిది. ఇంకొక్కటి, 1908లో నీళ్లెంతవరకు వచ్చాయో, 2025లో ఎంతవరకు వచ్చాయో రాతిలో గీత చెక్కించండి. బడిపిల్లలు వచ్చి ఆ గీత పక్కన తమ ఎత్తు కొలుచుకుంటే ఏ పాఠంలోనూ దొరకని లెక్క తెలుస్తుంది.

వంతెన ఒంటి సంగతి కూడా చూడాలి. పక్కనుంచి చూస్తే ముందు కనిపించేది దాని అందం కాదు, రాళ్ల సందుల్లో మొలిచిన రావిమొక్కలు. పైకి ఆకు పచ్చగా ఉంటుంది, లోపల వేరు రాయిని రాయినుంచి విడదీస్తుంటుంది. కమాను కట్టడంలో ఒక రాయి పక్క రాయిని నొక్కి పట్టుకోవడమే బలం. ఆ నొక్కు సడలిందా, పైన ఎంత సిమెంటు పోసినా లాభం లేదు. ఏటా పండగ ముందు మొక్కలు నరికేసి వెళ్లిపోతే వేరు ఇంకా లావెక్కుతుంది. పైది కోసి, వేరుకు మందు పెట్టి చంపి, తర్వాత ఆ సందును పూడ్చాలి. పూడ్చేటప్పుడు సిమెంటు మాట ఎత్తొద్దు. పాతది గానుగ సున్నంతో కట్టిన గోడ. సున్నం కాస్త మెత్తన, తేమను లోపలికి తీసుకుని బయటికి వదులుతుంది. సిమెంటు గట్టిగా బిగుసుకుని తేమను లోపలే ఆపేస్తుంది. అప్పుడు పగిలేది సిమెంటు కాదు, పక్కనున్న నాలుగొందల ఏళ్ల రాయి. ఈ ఊళ్లో డంగుసున్నం పని తెలిసిన మేస్త్రీలు ఇంకా ఉన్నారు. పాత సమాధులు, మసీదులు బాగుచేసిన చేతులే. టెండరు రాసేటప్పుడు వాళ్లు అందుకోగలిగేలా రాయండి.

చూడటానికి వచ్చినవాళ్లు పూల్ ఒక్కటే చూసి వెళ్లాల్సిన పనిలేదు. అటూ ఇటూ రెండు గంటల నడకకు సరిపడా సరుకుంది. కార్వాన్‌లో టోలీ మసీదు ఉంది, 1671 నాటిది, మూసాఖాన్ కట్టించాడు. మక్కా మసీదు పనులు చూస్తూ, ఖర్చయిన ప్రతి రూపాయికీ దమ్డీ అనే చిల్లర నాణెం ఒకటి చొప్పున తనకు ముట్టిన సొమ్ముతో ఇది కట్టాడని చెబుతారు. పర్సెంటేజీ అందరూ తీసుకుంటారు, దాంతో ఇంత ముచ్చటైన గచ్చుపని చేయించినవాళ్లు తక్కువ. పూల్ దగ్గర్లోనే మియాన్ మిష్క్ మసీదు. ఈయన హబ్షీ, అంటే అబిసీనియావాడు, బానిసగా వచ్చి తానీషా కొలువులో పెద్ద హోదాకు ఎదిగినవాడు. మన రామదాసును చెరసాలలో పెట్టించిన ఆ తానీషాయే. పూల్ దిగగానే పాతబస్తీ వైపు పురానాపూల్ దర్వాజా. నగరం చుట్టూ పద్దెనిమిదో శతాబ్దంలో లేచిన ప్రహరీకి ఉన్న దర్వాజాల్లో ఇవాళ మిగిలినవి రెండే, ఇది, దబీర్‌పురాది. పూల్‌కు దగ్గర్లోనే జుమేరాత్ బజార్. గురువారం వస్తే పాత తాళాల నుంచి గడియారాల దాకా నేలమీద పరిచి ఉంటాయి. చరిత్ర మీద మనసు లేనివాళ్లను తీసుకురావడానికి అదే మంచి ఎర.

పూల్ దగ్గరినుంచి నది వెంబడి నయాపూల్ అనే మరో వంతెన రెండు కిలోమీటర్లు ఉండదు. ఆ దారిలో 1921 నాటి సిటీ కాలేజీ, 1920లో తెరిచిన హైకోర్టు, ఎదుటి ఒడ్డున ఉస్మానియా ఆస్పత్రి, అందులో ఆ చింతచెట్టు. ఒకే వరద తర్వాత ఒక నగరం తన నది ఒడ్డును ఎలా మళ్లీ కట్టుకుందో వరసగా కనిపిస్తుంది. కానీ ఆ రెండు కిలోమీటర్లూ గట్టు వెంట తెగకుండా నడవలేం. రోడ్డెక్కాలి, దిగాలి, గోడ అడ్డమొస్తుంది, ఆటోస్టాండు అడ్డమొస్తుంది. మీ నక్షాల్లోని నడకదారుల్లో మొదట ఈ ముక్క తీసుకోండి. పొడవు తక్కువ, ఫలం ఎక్కువ. బోర్డులు తెలుగులో, ఉర్దూలో ముందు రాసి, ఆ తర్వాత ఇంగ్లీషులో రాయండి. అక్షరాలు దగ్గరికెళ్లి వంగి చదివేలా కాకుండా ముసలివాళ్లకు కూడా కనిపించాలి. మా ఇంట్లోవాళ్లు అడగమన్న మాట ఒకటి రాయకపోతే ఊరుకోరు: ఆడవాళ్లకు శుభ్రమైన మరుగుదొడ్డి ఒకటి, తాళం వేయనిది.

మురుగు సంగతి మీకంటే నాకు ఎక్కువ తెలియదు కాబట్టి జోలికి పోను. అది బాగుపడేదాకా మెట్లు ఎందుకని మాత్రం అనొద్దు. నదిని ఎవరూ దగ్గరనుంచి చూడనంతకాలం దాన్ని బాగుచేయమని అడిగేవాళ్లు కూడా ఉండరు.

చివరగా, ఏది కట్టినా దాని నక్షా ముందుగా పూల్ మీదే, దర్వాజా దగ్గర ఒక బోర్డుకు అంటించండి. ఆఫీసు గోడకో, వెబ్‌సైటు లోపలి పేజీకో అంటిస్తే సొరకాయలమ్మే ఆమె చూడదు. ముప్పై రోజులు ఉంచండి. మధ్యాహ్నం బేరాలు పల్చబడే వేళ మీలో ఒకరు వచ్చి కూర్చుంటే, ఏ మెట్టు ఏ నెలలో మునుగుతుందో, ఎండ ఏ పక్కనుంచి కొడుతుందో అక్కడివాళ్లు చెబుతారు. వేసవిలో నీళ్లు తగ్గినప్పుడు గట్టు కొలతలు తీసుకుంటే వచ్చే వానాకాలం లోపు పని మొదలుపెట్టొచ్చు. మీ జవాబు కూడా ఇలాగే అందరూ చదివే చోటే ఇవ్వమని కోరుతున్నాను.

ఇట్లు,
కార్వాన్ నివాసి